డిసెంబర్ 31న ఏడ్చి ఒట్టేస్తాను, భోగికి బరి దగ్గర ఉంటాను: ఒక తమ్ముడి ఉత్తరానికి జవాబు

ఉత్తరం పెద్దది. గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా ఇస్తున్నాను.

"అన్నయ్యా, వందనాలు. నాకు 27 ఏళ్లు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల మీద పని, రాత్రిళ్లు ఏరేటర్లు (చెరువు నీళ్లకి గాలి అందించే మిషన్లు) చూసుకోవాలి. మాది మొదటి నుంచీ గుడికి వెళ్లే కుటుంబమే, 19వ ఏట బాప్తిస్మం కూడా తీసుకున్నాను. మొదట సంక్రాంతి బరుల దగ్గర సరదాగా పై పందేలు కాసేవాణ్ని, తర్వాత ఫోన్లో క్రికెట్ బెట్టింగ్. ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఏడ్చి ఒట్టేసుకుంటాను, కొత్త ఏడాదికి వాక్యం రాసిచ్చే వాగ్దానం కార్డు తీసుకుని ఇంటికొస్తాను, భోగి నాటికి మళ్లీ బరి దగ్గర ఉంటాను. ఈ పందెం గెలిపిస్తే పదోవంతు కానుక వేస్తానని ప్రార్థన చేసిన రోజులు కూడా ఉన్నాయి. మా అక్క కువైట్‌లో ఇళ్లలో పనిచేసి స్లాబు కోసం పంపిన డబ్బు దాదాపు అంతా పోయింది. వేరేవాళ్ల ఇంటి ఫోటో తీసి మనదే అని పంపాను. వేసవిలో సెలవు మీద వస్తానంటోంది. ఒక చోట ప్రార్థనకు వెళ్తే ఇది మీ వంశ శాపం, విడుదల కోసం ప్రత్యేక ఉపవాస ప్రార్థన చేయించుకో, దానికి ఇంత కానుక అన్నారు. నా ఫ్రెండేమో, వాడూ విశ్వాసే, కృప కాలంలో ఉన్నాం కదరా, ఎన్నిసార్లు పడినా క్షమిస్తాడు, టెన్షన్ పడకు అంటాడు. నేను ప్రభు బల్ల (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం మానేశాను. అసలు నేను రక్షణ పొందానా? నాకు విడుదల ఎప్పుడు? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, వాళ్లకి చెప్పాలా? ఒక్కోసారి బతకాలనిపించట్లేదు."

తమ్ముడూ, వందనాలు.

అన్నిటికంటే ముందు నువ్వు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాట. బతకాలనిపించట్లేదు అన్నావు. దాన్ని దాటేసి నేను వాక్యం చెప్పడం మొదలుపెట్టను. ఆ ఆలోచన మళ్లీ వస్తే, ముఖ్యంగా చెరువు గట్టు మీద ఒక్కడివే ఉన్నప్పుడు వస్తే, వెంటనే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడుపుతున్నది, డబ్బులక్కర్లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, బెట్టింగ్ అలవాటు సంగతి కూడా వాళ్లకి చెప్పుకోవచ్చు. దగ్గర్లో ఉన్న ఒక మనిషిని కూడా పిలువు, పక్క చెరువు కాపలా ఆయనైనా సరే. విశ్వాసినై ఉండి ఇలాంటి ఆలోచనేంటని సిగ్గుపడకు. ఏలీయా అంతటి ప్రవక్త ఎడారిలో ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు (మొదటి రాజులు 19). దేవుడు ఆయన్ని తిట్టలేదు, విచారణ చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడటం ఆ తర్వాతే. నువ్వూ ముందు తిను, నిద్రపో, మనుషుల మధ్య ఉండు. మిగతాది నెమ్మదిగా చదువుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది కోడిపందెం కాదు, క్రికెట్టూ కాదు, ఆ ఫోటో. ఎవరిదో ఇల్లు, పిల్లర్లు లేచి సెంట్రింగ్ కొట్టి ఉంది, దాన్ని తీసి మనదే అక్కా అని వాట్సాప్‌లో పంపావు. అక్క "దేవునికి స్తోత్రం" అని జవాబు పెట్టింది. ఆ మెసేజ్ చూసి ఆగలేక ఆ రాత్రే ఇంకో మూడు వేలు పెట్టానని రాశావు. పాపం మనిషి లోపల ఎలా పనిచేస్తుందో ఆ ఒక్క వాక్యంలో ఉంది తమ్ముడూ. సిగ్గు నిన్ను ఆపుతుందనుకున్నావు. సిగ్గే నిన్ను మళ్లీ అక్కడికి తోసింది, ఎందుకంటే ఆ సిగ్గు తట్టుకోవడానికి నీకు తెలిసిన చోటు అదొక్కటే అయిపోయింది. అందుకే ఇంకాస్త ఎక్కువ సిగ్గుపడు, ఇంకాస్త ఎక్కువ ఏడువు, ఇంకాస్త గట్టిగా ఒట్టేసుకో అని నేను చెప్పను. అది ఏళ్ల తరబడి చేశావు.

మన గుళ్లలో పాపం అనగానే ఒక లిస్టు చదువుతారు, తాగుడు, పేకాట, అబద్ధం, ఇలా. లిస్టు తప్పని కాదు. కానీ బైబిల్ ఇంకా లోతుకి వెళ్తుంది, పాపాన్ని ఒక పనిలా కాకుండా ఒక యజమానిలా చూపిస్తుంది. కయీను ఇంకా తమ్ముణ్ని చంపకముందే, కోపంతో మొహం చిన్నబుచ్చుకుని ఉన్నప్పుడే, దేవుడు అతనితో "వాకిట పాపము పొంచియుండును" అన్నాడు (ఆదికాండము 4:7). చెయ్యి కదలకముందే అది గుమ్మంలో కాచుకుని ఉంది. పౌలు రోమా పత్రికలో పాపం వల్ల వచ్చే జీతం మరణం అంటాడు, జీతం ఇచ్చేది యజమానే కదా. యేసు ప్రభువు సూటిగానే చెప్పాడు: "పాపము చేయు ప్రతివాడును పాపమునకు దాసుడు" (యోహాను 8:34). ఆ మాట ఎవరితో అన్నాడో చూడు. 31వ వచనంలో ఉంది, ఆయన్ని నమ్మిన యూదులతో. వాళ్లకి కోపం వచ్చింది. మేము అబ్రాహాము సంతానం, ఎన్నడూ ఎవరికీ దాసులం కాలేదు అన్నారు. ఐగుప్తులో వాళ్ల పితరులు వెట్టి చేశారు, బబులోనుకి చెరపట్టబడ్డారు, ఆ మాట అంటున్న రోజున కూడా రోమా వాళ్ల కింద ఉన్నారు, అయినా అలా అనగలిగారు. దాస్యంలో ఉన్నవాడికి అది కనపడకపోవడమే దాస్యంలో పెద్ద భాగం.

నా డబ్బు నా ఇష్టం, అడిగేవాళ్లు లేరు అనుకునేవాణ్నని నువ్వు కూడా రాశావు. సరే, రాత్రి రెండింటికి ఏమవుతోందో నువ్వే రాసిన ప్రకారం చూద్దాం. ఏరేటర్ ఆగిందేమోనని లేస్తావు, టార్చి వేసి గట్టంతా తిరిగి చూసి వస్తావు, షెడ్డులో మంచం మీద కూర్చోగానే నువ్వు ఇంకా ఏమీ అనుకోకముందే బొటనవేలు యాప్ మీదకి పోతుంది. ఎక్కడో వేరే దేశంలో ఆడుతున్న, పేర్లు కూడా తెలియని జట్ల మ్యాచ్ మీద తర్వాతి ఓవర్లో ఎన్ని పరుగులని పందెం కాస్తావు. అక్కడ నీ ఇష్టం ఎక్కడుంది? అడిగేవాడు లేకపోవడమే స్వేచ్ఛ అని లోకం నేర్పింది, మనమూ నమ్మాం. పౌలు వేరే రకంగా మాట్లాడతాడు: "అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు గాని నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను" (మొదటి కొరింథీయులకు 6:12). చెయ్యొచ్చా చెయ్యకూడదా అన్న దగ్గర ఆయన ఆగలేదు. ఇది నన్ను ఏలుతోందా అని అడిగాడు. నీ ఫోన్ పట్టుకుని ఆ ప్రశ్న అడుగు, జవాబు నీకు తెలుసు.

బరుల గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఇదంతా నీ ఒక్కడి బలహీనత అనుకోకు. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే 1960 చట్టం ఉంది, మన రాష్ట్రంలో జూదం మీద 1974 చట్టం ఉంది, అయినా పండగ మూడు రోజులూ మన జిల్లాల్లో టెంట్లు లేస్తాయి, ఫ్లడ్ లైట్లు పడతాయి, పక్కనే గుండాట, ఊరి పెద్దలు ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చుంటారు. కత్తి కట్టిన కోడి ఒక్క నిమిషంలో ఒరిగిపోతుంది, ఆ నిమిషంలో ఒక కుటుంబం ఏడాది కూడబెట్టింది చేతులు మారిపోతుంది, దీన్ని సంప్రదాయం అంటాం. అల్లుళ్లు, ఫ్రెండ్సు, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు అందరూ అక్కడే ఉంటే నువ్వొక్కడివే ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పాపానికి ఊరంతా అండగా నిలబడే రోజులవి. అందుకే ఒంటరి ఒట్టు అక్కడ నిలబడదు.

ఆ ఒట్టు గురించే నేను ముఖ్యంగా చెప్పదలచుకుంది. నీకు అప్పుల సంగతి బాగా తెలుసు, నూటికి మూడు రూపాయల చొప్పున నోటు రాసిచ్చానన్నావు. కొంతమంది ఏళ్ల తరబడి వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోతారు, అసలు ఒక్క రూపాయి తగ్గదు, కానీ వడ్డీ కట్టిన రోజు మాత్రం మనసు తేలికపడుతుంది. డిసెంబర్ 31 రాత్రి నువ్వు చేస్తున్నది అదే. ఏడుపు నిజమే, నేను దాన్ని చులకన చెయ్యను. కానీ అది దేవుడికి ఏడాదికోసారి వడ్డీ కడుతున్నట్టు అయిపోయింది, అసలు దగ్గరకి ఎవర్నీ రానివ్వడం లేదు. ఆ అసలు ఏంటంటే అక్కకి తెలియని నిజం. గెలిస్తే పదోవంతు ఇస్తానన్న ప్రార్థన కూడా ఈ లెక్కలోదే. నువ్వు దేవుణ్ని అప్పిచ్చినవాడిలా చూస్తున్నావు, ఎంత కడితే ఊరుకుంటాడా అని బేరం ఆడుతున్నావు. తండ్రిలా చూడటం లేదు.

లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథ నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు, సండే స్కూల్లో నాటకం కూడా వేసి ఉంటావు. ఈసారి ఒక్క చోట ఆగి చదువు. పందుల దగ్గర కూర్చుని ఆ కుర్రాడు ఒక ప్రసంగం తయారు చేసుకున్నాడు, 18, 19 వచనాల్లో ఉంది. మూడు ముక్కలు: నేను పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోవడానికి యోగ్యుణ్ని కాను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. మూడోది చాలా తెలివైన ఏర్పాటు. కూలివాడైతే పనిచేసి కొంచెం కొంచెం తీర్చుకోవచ్చు, తండ్రి మొహం చూసి ఏమీ ఊరికే తీసుకోనక్కర్లేదు. ఇప్పుడు 21వ వచనం చూడు, ఇంటికొచ్చాక నిజంగా ఏమన్నాడో. మొదటి రెండు ముక్కలే ఉన్నాయి. మూడోది లేదు. అప్పటికే తండ్రి పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు, ఆ కూలి బేరం నోట్లోంచి రాకముందే దాసుల్ని పిలిచి ప్రశస్తమైన వస్త్రం తెండి, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు అంటున్నాడు. ఒప్పుకోలు వినిపించుకున్నాడు. బేరం వినిపించుకోలేదు. కృప అంటే అది. నువ్వు పాపం ఒప్పుకోకుండా తప్పించుకునే సౌకర్యం కాదు, ఒప్పుకున్నాక కూలివాడిగా ఉంటానంటే ఒప్పుకోని తండ్రి ప్రేమ. నువ్వు ఏటా 31 రాత్రి ఆ మూడో ముక్కే గట్టిగా చెప్తున్నావు.

మరి నీ ఫ్రెండ్ మాట? వాడు కృప గురించి సగం నిజం చెప్తున్నాడు. ఎన్నిసార్లు పడినా క్షమిస్తాడన్నది నిజమే, పేతురుతో డెబ్బై ఏడుల సార్లు క్షమించమన్నవాడు తాను అంతకంటే తక్కువ చేస్తాడా. కానీ ఈ ప్రశ్న పౌలుకి అప్పుడే వచ్చింది, కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని తనే అడిగి, అట్లనరాదు అని తనే జవాబిచ్చాడు (రోమా 6). కారణం కూడా చెప్పాడు, అలా చేస్తే దేవుడికి కోపం వస్తుందని కాదు, పాపం విషయమై చనిపోయిన మనం దానిలో ఇంకా ఎలా బతుకుతాం అని. పాత యజమాని దగ్గర్నుంచి విడిపించి తెచ్చాక మళ్లీ పొద్దున్నే వాడి ఇంటికే పనికి వెళ్తానంటే ఆ విడుదలకి అర్థం ఏముంది? తీతుకు రాసిన పత్రికలో కృప మనకి బోధిస్తుందని ఉంది (2:11, 12), భక్తిహీనతని విడిచిపెట్టడం నేర్పుతుందని. క్షమించి ఊరుకునేది మాత్రమే అయితే నేర్పడం ఎందుకు. టెన్షన్ పడకు అన్నవాడు నిన్ను ప్రేమించే అన్నాడు, కాదనను. అయితే వాడి మాట వల్ల నీ అక్కకి ఒక్క ఇటుక కూడా రాదు.

వంశ శాపం అన్నవాళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నాకు దీని మీద కోపం ఉంది. ఒక్క రూపాయి ఇవ్వకు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక మీరు పలకకూడదని యెహెజ్కేలు 18లో దేవుడే ఖండించాడు, తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని అక్కడే ఉంది. క్రీస్తు మనకోసం శాపమై మనల్ని శాపం నుంచి విమోచించాడని గలతీయులకు 3:13లో ఉంది. దేవుని వరాన్ని డబ్బిచ్చి కొనాలని చూసిన గారడీ సీమోనుకి పేతురు ఏం చెప్పాడో అపొస్తలుల కార్యములు 8లో చదువుకో. 1517లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ లేచి నిలబడింది కూడా, డబ్బు కడితే పాపశిక్ష తగ్గుతుందని చీటీలు అమ్ముతున్నందుకే. ఉపవాస ప్రార్థన మంచిదే, నీకోసం ఎవరైనా ఉపవాసం ఉంటే కృతజ్ఞతతో ఒప్పుకో. దానికి రేటు పెట్టారంటే లేచి వచ్చెయ్.

నేను రక్షణ పొందానా అని అడిగావు. మన గోదావరి జిల్లాల్లో లూథరన్‌లు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు, బ్రదరన్ వాళ్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు అందరూ ఉన్నారు, పొందిన రక్షణ పోతుందా పోదా అన్నదాని మీద వాళ్లందరిదీ ఒకే మాట కాదు, ఆ వాదనని నీ ఉత్తరంలో తేల్చబోను. అందరూ ఒప్పుకునేది ఒకటుంది: రక్షణ మన ఒట్టు బలం మీద నిలబడదు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" (ఎఫెసీయులకు 2:8). చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేస్తున్నానని పౌలు రోమా 7లో మొత్తుకుంటాడు, ఆ అధ్యాయం ఎవరి గురించి అన్నదాని మీద పండితుల్లో తేడాలున్నా, ఆ అరుపు నీదేనని నీకు చదవగానే తెలుస్తుంది. పాపంలో హాయిగా ఉన్నవాడు ఇంత పొడుగు ఉత్తరం రాయడు. నీ లోపల ఆ పోరాటం జరుగుతోందంటే నీలో ఎవరో పనిచేస్తున్నారు. ఆ తర్వాతి అధ్యాయం మొదటి వాక్యమే, క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు అని. ఆ రెండు అధ్యాయాలు కలిపే చదువు.

జాన్ న్యూటన్ గురించి విని ఉంటావు, కృప గురించి ఆయన రాసిన పాట తెలియని సంఘం ఉండదు. ఆయన కథ సాధారణంగా తుఫానుతో ఆపేస్తారు, 1748లో ఓడ మునిగిపోబోతుంటే దేవునికి మొరపెట్టాడు, మారాడు అని. ఆ తర్వాత కూడా ఆయన బానిసల్ని మోసే ఓడలకి కెప్టెన్‌గా పనిచేశాడు. ఓడ మీద ప్రార్థనలు చేస్తూనే, కింది అంతస్తులో గొలుసులతో మనుషుల్ని మోసుకెళ్లాడు. 1754లో జబ్బు చేసి సముద్రం మానేశాడు, పాదిరి అయ్యాడు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన భాగం ఏమిటో బయటపెట్టి అచ్చు వేసింది 1788లో. అంటే సముద్రం మానేశాక 34 ఏళ్లకి. ఇది నీకెందుకు చెప్తున్నానంటే, కృప ఆయన్ని వదల్లేదు, మనసుకి ఊరట ఇచ్చి అక్కడితో ఆగనూ లేదు, చివరికి నిజం చెప్పేదాకా తీసుకొచ్చింది. కానీ ఆ ఆలస్యానికి ఖరీదు కట్టింది ఆయన కాదు, ఆ కాలమంతా ఓడల్లో పోయిన మనుషులు. నీ ఆలస్యానికి ఖరీదు కువైట్‌లో ఎవరింట్లోనో అంట్లు తోముతున్న అక్క కడుతోంది. ఇంకా స్లాబు పడుతుందనుకుని ఇంకో ఏడాది ఉండిపోదామని ఆలోచిస్తోందేమో, నీకు తెలుసా?

నిజమైన స్వాతంత్ర్యం గురించి ప్రభువు చెప్పిన మాట దగ్గరకి మళ్లీ వెళ్దాం. యోహాను 8లో 36వ వచనం అందరికీ కంఠతా వచ్చు, "కుమారుడు మిమ్మును స్వతంత్రులనుగా చేసినయెడల మీరు నిజముగా స్వతంత్రులై యుందురు" అని. దానికి ముందున్న 35ని దాటేస్తాం: "దాసుడెల్లప్పుడును ఇంటిలో నివాసముచేయడు, కుమారుడెల్లప్పుడును నివాసముచేయును." యేసు ఇచ్చే విడుదల ఇంట్లోంచి బయటికి పారిపోయే విడుదల కాదు, ఇంట్లో కొడుకుగా నిలిచి ఉండగలగడం. దాసుడు తప్పు చేస్తే దాచాలి, దొరికితే గెంటేస్తారు. కొడుకు తప్పు చేస్తే చెప్పొచ్చు, దెబ్బ తగులుతుంది, ఏడుపు వస్తుంది, ఇల్లు మాత్రం పోదు. కాబట్టి నీ స్వేచ్ఛ పందెం మానేసిన రోజున మొదలవ్వదు, ఇంకా మానకముందే నిజం చెప్పగలిగిన రోజున మొదలవుతుంది. నాకు విడుదల ఎప్పుడు అని అడిగావు కదా, అక్కకి ఫోన్ చేసే గంటలో. ఆ ఫోన్ చెయ్యడానికి ధైర్యం ఎక్కడ్నుంచి వస్తుందంటే, అక్క ఏమన్నా సరే తండ్రి నిన్ను బయటికి పంపడని ముందే తెలిసి ఉండటం వల్ల వస్తుంది. కృప ముందు, ఒప్పుకోలు తర్వాత, తీర్చడం ఆ తర్వాత. పన్నులు వసూలు చేసే జక్కయ్య విషయంలో కూడా (లూకా 19) ఇదే వరస, నేడు నీ ఇంట ఉంటానని ప్రభువు ముందు అన్నాడు, ఆ తర్వాతే అతను లేచి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకుండా అలా అనగలిగాడు చూడు, అది స్వేచ్ఛ. క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడు, అందరికీ లోబడే సేవకుడు అని 1520లో లూథర్ రాసింది ఇదే, వినడానికి రెండు మాటలూ పొసగనట్టే ఉంటాయి గానీ జక్కయ్యని చూస్తే పొసుగుతాయి.

ఇక చెయ్యాల్సినవి. అక్క వచ్చేదాకా ఆగొద్దు. విమానం దిగి సామాన్లతో వచ్చి ఖాళీ స్థలం ముందు నిలబడే పరిస్థితి ఆవిడకి తేవద్దు. వాట్సాప్ మెసేజ్ కాదు, వాయిస్ పంపడం కూడా కాదు, ఆవిడకి సెలవున్న రోజు చూసి ఫోన్ చెయ్యి. ముందు కాగితం మీద మొత్తం లెక్క రాసుకో, పోయింది ఎంత, ఎవరి దగ్గర ఎంత తెచ్చావు, లోన్ యాపుల్లో ఎంత, అన్నీ. ఎందుకంటే మనం ఒప్పుకునేటప్పుడు సగమే ఒప్పుకుంటాం, కొంచెం పోయింది అక్కా అంటాం, ఆ దాచిన మిగతా సగమే మళ్లీ పందేనికి లాగుతుంది, గెలిచి పూడ్చేద్దామని. ఫోటో సంగతి కూడా చెప్పు. క్షమించక్కా అని అడుగు, కానీ వెంటనే క్షమించాలని వాక్యాలు ఎత్తి చెప్పకు. ఆవిడ తిట్టొచ్చు, ఏడవొచ్చు, నెలల పాటు మాట్లాడకపోవచ్చు. అది ఆవిడ హక్కు. దేవుడు క్షమించాడు కాబట్టి నువ్వూ క్షమించాల్సిందే అని అక్కని ఇరికించడం కృపని వాడుకోవడం అవుతుంది.

జీతం నీ చేతికి రాకూడదు కొన్నాళ్లు. అమ్మ ఖాతాలోకో, అక్క చెప్పిన ఖాతాలోకో వెయ్యమని చెరువు యజమానిని అడుగు, కారణం చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే ఇంట్లో అవసరం అను, అది అబద్ధం కూడా కాదు. యాపులు తీసెయ్యి, వాటిలో ఖాతాలు కూడా మూసెయ్యి, ఆ పందేల గ్రూపుల్లోంచి బయటికి వచ్చెయ్. రాత్రి పనికి మామూలు కీప్యాడ్ ఫోన్ తీసుకెళ్లు, ఏరేటర్ ఆగిందని ఫోన్ చెయ్యడానికి అది చాలు. సంక్రాంతి మూడు రోజులకి ఇప్పుడే ఏర్పాటు చేసుకో, ఊళ్లో ఉండకు, పందేలు లేని చోట చుట్టాలుంటే అక్కడికి వెళ్లు. ఇది పారిపోవడమేనా అనిపిస్తే యజమాని భార్య పట్టుకుంటే యోసేపు వస్త్రం వదిలేసి పారిపోయాడని గుర్తుచేసుకో. "దొంగిలువాడు ఇకమీదట దొంగిలక" అన్న వాక్యం ఎఫెసీయులకు 4:28లో అక్కడితో ఆగదు, అక్కరగలవాడికి పంచిపెట్టడానికి తన చేతులతో కష్టపడాలి అని పూర్తవుతుంది. నెలకి రెండు వేలే అయినా అక్క పేరున పడుతూ ఉండాలి.

సంఘంలో ఒక్క మనిషిని చూసుకో. నీ మాటని మర్నాడు ప్రసంగంలో ఉదాహరణగా వాడనివాడు అయ్యుండాలి, పెద్దాయనైతే మంచిది, పాస్టరే అవ్వాలని లేదు. మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అని యాకోబు రాసింది ఇందుకే. ఆయన వారానికోసారి నిన్ను ఒకే ప్రశ్న అడగాలి, ఈ వారం కాశావా అని. మళ్లీ పడితే, పడే అవకాశం ఉంది, ఆ రోజే ఆయనకి చెప్పు. డిసెంబర్ 31 దాకా దాచి ఉంచొద్దు.

ప్రభు బల్ల మానేశానన్నావు. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అన్న వాక్యం భయపెట్టింది నిన్ను, అర్థమవుతోంది. కానీ అదే చోట పౌలు ఏమన్నాడు? ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకొని ఆలాగుచేసి ఆ రొట్టెను తిని ఆ పాత్రలోనిది త్రాగవలెను అన్నాడు (మొదటి కొరింథీయులకు 11:28). పరీక్షించుకుని మానెయ్యమనలేదు. అక్కతో మాట్లాడు, ఆ వచ్చే ఆదివారమే వెళ్లి తీసుకో. వెనక బెంచీలోంచి లేచి ముందుకి నడవడం కష్టంగానే ఉంటుంది, అయినా నడువు.

సంబంధాల గురించి అడిగావు. ప్రస్తుతానికి ఆపమని ఇంట్లో చెప్పు. అప్పులు ఒక దారికి వచ్చాక, కనీసం ఒక సంక్రాంతీ ఒక ఐపీఎల్ సీజనూ పందెం లేకుండా గడిచాక చూసుకోవచ్చు. అప్పుడు కూడా ప్రధానానికి (నిశ్చితార్థానికి) ముందే ఆ అమ్మాయికి నువ్వే స్వయంగా చెప్పాలి, మధ్యవర్తితో చెప్పించడం కాదు.

అక్కతో మాట్లాడాక రాయి. అప్పుల లెక్క కూడా పంపితే ఏది ముందు తీర్చాలో చూద్దాం, నూటికి మూడు రూపాయల నోటు కంటే ఆ లోన్ యాపుల సంగతే ముందు తేల్చాలేమో అనిపిస్తోంది.